మొహం కనపడని మాట

యూనివర్సిటీ, మిషన్ల ల్యాబు
జూన్ మొదటి వారం

బావగారికి,

ఉత్తరం చూసి కంగారు పడకండి, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోను చేస్తే మీరు ఎత్తరు. అక్క ఎత్తి "మీ బావ పనిలో ఉన్నారే" అంటుంది. ఆదివారం కూడా పనేనా అంటే నవ్వేసి ఊరుకుంటుంది. అందుకని ఈ కాగితం.

అసలు సంగతికి వస్తాను. మొన్న మా కొత్త డైరెక్టరు అందర్నీ కూర్చోబెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "మీరు రాసిన పేపర్లలో ఒక్కటైనా ఈ గోడ దాటి బయట ఎవరికైనా పనికొచ్చిందా?" ఒకాయన దగ్గాడు. ఒకావిడ ఫోను చూసుకుంది. నా వంతు వచ్చింది. మిషన్ల మోత తగ్గించడం మీద ఇన్నేళ్ళు రాశాను కదా, ఎక్కడైనా ఒక్క మిషను మోత తగ్గిందా అంటే లేదనే చెప్పాను. సిగ్గేసింది బావా. నిజంగా సిగ్గేసింది.

రేకుని అచ్చుల్లో కొట్టే ప్రెస్సుల కింద, మోత తగ్గేలా పెట్టడానికి రబ్బరూ కార్కూ కలిపి దిమ్మలు తయారుచేశాం. ల్యాబులో ఉన్న ఒక్కగానొక్క ప్రెస్సు మీద బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. కాని ఆ ప్రెస్సు పొద్దస్తమానం గాలిని కొడుతుంది తప్ప ఒక్క వస్తువు చెయ్యదు. నిజంగా పని జరిగే చోటు కావాలి. మీ డబ్బా మూతల షెడ్డు కావాలి. దాంతోపాటు మీ పనివాళ్ళ చెవులు ఎలా ఉన్నాయో కూడా చూడాలి. మోత వల్ల మనుషులకి నష్టం జరుగుతోందని తేలితేనే ఈ దిమ్మలు నాలుగు చోట్ల పెట్టించగలం.

కాదనకండి. అక్కచేత చెప్పించగలను, కాని మీకు ఏదైనా నేరుగా అడిగితేనే ఇష్టమని నాకు తెలుసు.

మీ మరదలు


మూతల షెడ్డు, ఆఫీసు గది
జూన్ చివర

మరదలు ప్రొఫెసరమ్మకి,

రెండేళ్ళ నుంచి మా ఇంటి గడప తొక్కలేదు. ఇప్పుడు షెడ్డు కావాల్సివచ్చి బావ గుర్తొచ్చాడు. సంతోషం.

నువ్వు అడిగిన దాంట్లో నాకు మూడొంతులు అర్థం కాలేదు, మిగిలిన వంతు మీద అనుమానం ఉంది. ఆ మధ్య ఒక కాలేజీ వాళ్ళు ఇలాగే ఊడిపడ్డారు. టీలు తాగారు, ఫోటోలు తీసుకున్నారు, మా వాళ్ళని ఏమేమో అడిగి తల తిన్నారు. "పరిశోధన అయ్యాక చెప్తామండీ" అని వెళ్ళిన మనుషులు మళ్ళీ అజాపజా లేరు. తర్వాత ఎవరో చూపించారు, ఏదో సభలో మా షెడ్డు ఫోటో గోడంత వేసి "అధ్వాన్నమైన పని పరిస్థితులు" అని కింద రాశారట. ఫోటోలో నేను నవ్వుతూ నిలబడి ఉన్నాను. వాళ్ళు నవ్వమంటేనే నవ్వాను.

అందుకని ముందే అడుగుతున్నాను. ఇందులో మెలిక ఏమిటి? నీ ఖర్చు ఎవరు పెడుతున్నారు? చెవులు పరీక్ష చేసిన కాగితం ఎవరి బల్ల మీదికి వెళ్తుంది? తనిఖీ వాళ్ళ బల్ల మీదికి వెళ్తే నా షెడ్డుకి తాళం పడుతుంది. నిన్ను పంపింది మీ అక్కా? ఈ మధ్య మీరిద్దరూ ఫోనులో తెగ గుసగుసలాడుకుంటున్నారు. నేను గదిలోకి రాగానే మీ అక్క ఫోను పెట్టేస్తుంది.

ఫోను ఎత్తనని ఫిర్యాదు చేశావు. అవతలి మనిషి మొహం కనపడకుండా మాట్లాడే మాటని నేను నమ్మను. వ్యాపారంలో నేర్చుకున్నది అది. ఉత్తరమే రాయి, అక్షరం తప్పించుకోలేదు.

వస్తే రండి. షెడ్డు నడుస్తుండగానే రండి, పని ఆపను. ఎవరి పేరూ రాయకూడదు. నేను పక్కన ఉండగానే అడగాలి.

నీ బావ


యూనివర్సిటీ, మిషన్ల ల్యాబు
ఆగస్టు

బావగారికి,

నేను పంపిన మా ల్యాబు పిల్లలిద్దరూ తిరిగొచ్చారు. మీరు బాగా చూసుకున్నారట. కళ్ళద్దాల అమ్మాయైతే మీ షెడ్డు గురించి తప్ప వేరే మాట మాట్లాడటం లేదు. మూడో ప్రెస్సు కింద దిమ్మలు పెట్టించినందుకు థాంక్స్.

ఇక ఫలితం. మీ షెడ్డులో ప్రతి ఒక్కరి చెవులూ దివ్యంగా ఉన్నాయి! అడిగిన ప్రతి ప్రశ్నకీ టకటకా సమాధానం చెప్పారట, ప్రెస్సులు మోగుతుండగానే. చిన్న గొంతుతో అడిగినా చెప్పారట. మా పిల్లలు సంబరపడిపోతున్నారు.

నాకు మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు. మోత కొలిచిన అంకెలు నా ముందున్నాయి. ఆ మోతలో అన్నేళ్ళు పనిచేసిన మనుషుల్లో ఒక్కరికీ చెవుడు రాలేదంటే, నేను ఇన్నాళ్ళూ చదివినదంతా అబద్ధమైనా కావాలి, ఎవరో వాళ్ళకి సమాధానాలు నేర్పైనా ఉండాలి. బావా, కోపం తెచ్చుకోకుండా చెప్పండి. మీరు నేర్పారా?

మీరు అడిగినదానికి జవాబు పిల్లల్ని పంపకముందే చెప్పాల్సింది, చెప్పలేదు. ప్రెస్సులు తయారుచేసే ఒక కంపెనీ ఖర్చులో సగం పెడుతోంది. చెప్తే మీరు రానివ్వరని చెప్పలేదు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, తలుపులు మూసిన గదిలో సరిగ్గా పరీక్ష చేద్దామని నేనంటే, ఆ కంపెనీ ఆయన "ప్రశ్నలు చాలండీ, ఎందుకంత హడావుడి" అన్నాడు. ఈ ఫలితం చూసి తెగ మురిసిపోయాడు. "మోత వల్ల చెవులకి హాని లేదు" అని రాసి సంతకం పెట్టమంటున్నాడు. అంత ముచ్చటెందుకో ఆయనకి!

గడప తొక్కలేదని రాశారు. ఎందుకు తొక్కలేదో మీకే తెలుసు.

మీ మరదలు


మూతల షెడ్డు
ఆగస్టు చివర

మరదలికి,

నేర్పానా? నేనా? నాకు అంత తీరిక ఉంటే మీ అక్కని ఎక్కడికైనా తిప్పి తీసుకొచ్చేవాణ్ణి. దొంగలెక్క చూపించేవాడిలా ఉన్నానా నీ కంటికి? కంపెనీ డబ్బు సంగతి దాచింది నువ్వు, అనుమానం నా మీద! బాగుంది తల్లీ, చాలా బాగుంది.

గడప సంగతి నాకే తెలుసన్నావు. నాకేం తెలుసు? మర్మంగా మాట్లాడకు. నాకు ఒళ్ళు మండుతుంది.

మా వాళ్ళు ఎందుకు తడుముకోకుండా చెప్పారో నీకు తెలియకపోతే నేను చెప్తాను, రాసుకో. మా షెడ్డులో ఎవరూ అరవరు. కొత్తగా చేరినవాడు వారం రోజులు అరుస్తాడు, గొంతు పోయాక దారికొస్తాడు. మాకు చేతులున్నాయి. కాలరు పట్టుకుని చూపిస్తే నేను వస్తున్నానని. చెంప మీద వేలు పెడితే టీ. బొటనవేలు నేలకి చూపిస్తే మూత కొట్టే డై, అదే అచ్చు, పాడైందని. మణికట్టు రుద్దుకుంటే ఆ రోజు నేను చిరాగ్గా ఉన్నానని. నాకు తెలియదనుకుంటారు వెధవలు! మిగతాదంతా పెదాలే. మేస్త్రీ అటు చివర నిలబడి పెదాలాడిస్తే ఇటు చివర మూతలు సర్దే అమ్మాయి పడీపడీ నవ్వుతుంది. మీ కళ్ళద్దాల పిల్ల ఎదురుగా నిలబడి, చిన్నపిల్లలకి పాఠం చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. జవాబు చెప్పడానికి ఏం బ్రహ్మవిద్య కావాలి?

ఇక నీ దిమ్మలు. తీయించేశాను. మూర్ఛపోకు. మూతలు సర్దే అమ్మాయేమో "ఎంత హాయిగా ఉందో సార్" అంటుంది. నాకు మాత్రం అవి పెట్టిన దగ్గర్నుంచి మూడో ప్రెస్సు నడుస్తోందో లేదో తెలియడం లేదు. ఆఫీసులో కూర్చుంటే ప్రతి ప్రెస్సు దెబ్బా కాళ్ళకి తెలుస్తుంది. ఏది ఆగిందో చూడకుండానే చెప్పేస్తాను. నీ దిమ్మలు పెట్టాక ఆ ఒక్కటీ కాళ్ళకి అందలేదు. ఆగిపోయిందని పదిసార్లు లేచి వెళ్ళి చూశాను. నడుస్తూనే ఉంది. వెళ్ళిన ప్రతిసారీ మేస్త్రీ నా మొహం వంక అదోలా చూస్తున్నాడు. నా షెడ్డులో నన్నే వెర్రివాణ్ణి చేస్తే ఎలా?

సంతకం పెట్టుకో. హాని లేదని రాసుకో. నీకూ మంచిది, మాకూ మంచిది.

నీ బావ


యూనివర్సిటీ
సెప్టెంబరు

బావా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

తప్పు మీ వాళ్ళది కాదు, మాది. మేము వాళ్ళ చెవులని మా మొహాలు చూపించి అడిగాం. వాళ్ళు కళ్ళతో జవాబు చెప్పారు. మేము చెవుల ఖాతాలో వేసుకుని చంకలు గుద్దుకున్నాం. ఏళ్ళ తరబడి మోత గురించి రాసినదాన్ని, మోతలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో ఒక్కసారి వచ్చి చూడలేదు.

మళ్ళీ చెయ్యాలి. మిషన్లు ఆపి, గదిలో, హెడ్‌ఫోన్లతో.

ఇక రెండో సంగతి. ఇది రాయాలా వద్దా అని మూడు కాగితాలు చింపాను. ప్రెస్సు ఆగిందో లేదో "కాళ్ళకి తెలుస్తుంది" అని రాశారు. చెవులకి అని రాయలేదు. ప్రెస్సు మోగుతూనే ఉంది, అందరికీ వినపడుతూనే ఉంది, మీకు మాత్రం ఆగిపోయినట్టుంది. మీరు ఫోను ఎత్తరు. మొహం కనపడని మాటని నమ్మనంటారు. ఎక్కడికి భోజనానికి వెళ్ళినా గోడవారగా, అందరూ ఎదురుగా కనపడే కుర్చీ వెతుక్కుని మరీ కూర్చుంటారు. అది మీ దర్జా అనుకునేదాన్ని.

రెండేళ్ళ కిందట మా ఆయనా నేనూ విడిపోయిన రోజు మీరే వచ్చి నన్ను కారులో తీసుకెళ్ళారు. అక్క ముందు సీట్లో నిద్రపోతోంది. నేను వెనక కూర్చుని అడిగాను. "బావా, కొన్నాళ్ళు మీ ఇంట్లో ఉండనా?" అని. మీరు మాట్లాడలేదు. మళ్ళీ అడిగాను. మీరు రోడ్డు చూసుకుంటూ నడిపారు. నా ప్రాణం చివుక్కుమంది. నన్ను హాస్టలు దగ్గర దింపమంటే దింపారు, ఆ మాట మాత్రం పెట్రోలు బంకులో కారు ఆగినప్పుడు నేను కిందికి దిగి మీ కిటికీ దగ్గరికొచ్చి చెప్పాను. అది మీకు వినపడింది. ఇప్పుడు తెలుస్తోంది, అది ఎలా వినపడిందో.

ఈ రెండేళ్ళూ మీ మీద ఎంత కడుపుమంట పెట్టుకున్నానో మీకు తెలియదు. కాదని ఒక్క మాట రాయండి బావా, నేను అనుకున్నది తప్పని. నా మీద కోపంతోనే మాట్లాడలేదని రాసినా ఫరవాలేదు.

మీ మరదలు


మూతల షెడ్డు
సెప్టెంబరు

మరదలికి,

నా చెవులు బాగానే ఉన్నాయి.

ఇదన్నమాట మెలిక. మూతల షెడ్డు యజమానికి చెవుడని తేల్చి, కాగితం మీద పెట్టి, దాని మీద నీ పేరు రాసుకుంటావు. మా దగ్గర సరుకు కొనేవాళ్ళకి తెలిస్తే ఏమవుతుందో ఆలోచించావా? నేను బేరం పెదాలు చూసి ఆడతానని తెలిస్తే మొహం తిప్పుకుని మాట్లాడతారు. షెడ్డులో నా మాట ఎవడు లక్ష్యపెడతాడు? నా వెనక ఎవడేం అంటున్నాడో అని ఇక రోజంతా అదే ధ్యాస. ఈ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నాకు అదే ధ్యాస.

ఇది మీ అక్కకి చెప్పావా? నిజం చెప్పు.

పరీక్షలూ వద్దు, పిల్లల్ని పంపొద్దు. దిమ్మలు మూట కట్టించాను, మనిషిని పంపి తీసుకెళ్ళు. ఇక ఈ విషయం మీద ఉత్తరం రాయకు.


యూనివర్సిటీ
అక్టోబరు

బావగారికి,

రాయొద్దన్నారు. ఇదొక్కటీ రాసి ఊరుకుంటాను.

కంపెనీ కాగితం మీద సంతకం పెట్టలేదు. మేము చేసిన పరీక్ష తప్పు పరీక్ష అని, దాన్నిబట్టి ఏమీ తేల్చకూడదని డైరెక్టరుకి రాసిచ్చాను. కంపెనీ ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. ఇక ఖర్చు పెట్టరట. పెట్టకపోతే పోనీ. వచ్చే నెల మా డైరెక్టరు వేసిన కమిటీ ముందు నిలబడి, నా పని ఎవరికీ ఉపయోగపడలేదని చెప్తాను. అది నిజమే కదా.

మీ గురించి ఎక్కడా ఒక్క అక్షరం రాయలేదు, రాయను. అక్కకి చెప్పలేదు. ఒట్టు.

కాని ఒక్క మాట. అక్క మీతో ఏదైనా చెప్పాలంటే చేస్తున్న పని వదిలేసి, మీ ఎదురుగా వచ్చి నిలబడి మరీ ఎందుకు చెప్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? వంటింట్లోంచి కేకేసి చెప్పచ్చుగా? మా అమ్మ బతికున్నన్నాళ్ళూ అక్క గొంతు వీధి చివరికి వినపడేది. ఎప్పుడు మానేసింది కేకలు?

ఇంకొకటి. దిమ్మలు హాయిగా ఉన్నాయన్నది మూతలు సర్దే అమ్మాయి ఒక్కతే. మిగతావాళ్ళకి తేడానే తెలియలేదని మా కళ్ళద్దాల పిల్ల ఇప్పుడు గుర్తుచేసుకుని చెప్తోంది. ఆ అమ్మాయి చేరి ఆర్నెల్లే అయింది. ఆమె చెవులు ఇంకా ఆమెవే. నా మీద కోపముంటే నా మీదే చూపించండి, ఆ పిల్ల మీద కాదు.

మీ మరదలు


ఇల్లు
నవంబరు

మరదలికి,

ఈ ఉత్తరం షెడ్డు నుంచి కాదు, ఇంటి నుంచి రాస్తున్నాను. మీ అక్క ఎదురుగా కూర్చుంది. ఏం రాస్తున్నానో చూస్తానని మెడ చాస్తోంది. చూడనివ్వడం లేదు.

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు మీ అక్కని గమనించాను, దొంగని కాపలా కాసినట్టు. నువ్వు రాసింది నిజమే. ఒక్కసారి కూడా వంటింట్లోంచి పిలవలేదు. స్టవ్ ఆపి, చెయ్యి తుడుచుకుని, వచ్చి, నేను తలెత్తేదాకా నిలబడి, అప్పుడు నోరు తెరుస్తోంది. గదిలోకి రాగానే ముందు లైటు వేస్తోంది. ఇన్నాళ్ళూ కరెంటు దండగని నేను దాన్ని కేకలేసేవాణ్ణి.

అడిగాను. "నీకు ఎప్పట్నుంచి తెలుసు?" అని. "మీరు ఒప్పుకునేదాకా నాకేం తెలియదు" అంది. మరి మీ చెల్లికి చెప్పావా అంటే, "నా మొగుడి సంగతి ఇంకొకరికి ఎందుకు చెప్తాను, అది నా చెల్లెలైతే మాత్రం" అంది. ఫోనులో గుసగుసలన్నీ నీ గురించేనట. నువ్వు ఏడుస్తుంటే ఊరుకోబెట్టడమట. ఇంటికి రమ్మంటే రావట, ఎందుకో చెప్పవట. కారు సంగతి నేను చెప్తే అది తెల్లబోయింది. తర్వాత ఒక మాట అంది. లైటు ఆర్పాక మనం మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశాం కదండీ, అని. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. దాచుకోవడమెందుకు, ఏడ్చాను.

మర్నాడు షెడ్డు ఆపించి నీ కళ్ళద్దాల పిల్లకి కబురు చేశాను. నీకు చెప్పొద్దన్నాను, చెప్పలేదుగా? మంచి పిల్ల. సరుకు గదిలో తలుపులన్నీ మూసి హెడ్‌ఫోన్లు పెట్టింది. మా వాళ్ళు గుమ్మం బయట గుంపుగా నిలబడ్డారు, ఎవరికీ లోపలికి రావడం ఇష్టం లేదు. చెవులు పోయాయని తేలితే పని తీసేస్తానని వాళ్ళ భయం. నేను తీసేస్తానట! నన్ను వాళ్ళు అనుమానిస్తున్నారు, నేను నిన్ను అనుమానించినట్టే. సరే, ముందు నేనే కూర్చుంటాను, నన్నెవడు తీసేస్తాడో చూద్దాం అన్నాను.

చప్పుడు వినపడగానే చెయ్యి ఎత్తమంది. గోడ వైపు తిప్పి కూర్చోబెట్టింది. మొదట్లో కాసేపు గుయ్యిమని వినపడింది, ఎత్తాను. తర్వాత ఏమీ లేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. పిల్ల మిషను సర్దుకుంటోంది కాబోలనుకున్నాను. ఎంతకీ రాకపోతే వెనక్కి తిరిగి, "ఎప్పుడు మొదలుపెడతావమ్మా?" అని అడిగాను.

ఆ పిల్ల కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటోంది. అప్పటికే అయిపోయిందట.

నా తర్వాత మేస్త్రీ కూర్చున్నాడు. అతని సంగతీ అంతే. ఆ పైన ఒక్కొక్కళ్ళూ వచ్చి కూర్చున్నారు. మూతలు సర్దే అమ్మాయి మాత్రం ప్రతి చప్పుడుకీ చెయ్యెత్తింది, మాకెవరికీ వినపడనివాటికి కూడా. మేమంతా గుమ్మంలో నిలబడి ఆ చెయ్యి లేవడం చూస్తూ ఉండిపోయాం. ఎవరిదీ పని పోదని ఆ సాయంత్రమే చెప్పాను. నేను పెదాలాడిస్తే చాలు, అందరికీ అర్థమైంది.

నీ దిమ్మలు మూట విప్పించాను. మూడో ప్రెస్సు కింద మళ్ళీ పెట్టించాను. మిగతా ప్రెస్సులన్నిటికీ పంపు, ఖర్చు నాది. కంపెనీ వాళ్ళు ఇవ్వకపోతే వాళ్ళ ఖర్మ. ప్రతి ప్రెస్సు మీదా ఒక లైటు పెట్టించాను, నడుస్తుంటే వెలుగుతుంది, ఆగితే ఆరిపోతుంది. ఇక నా కాళ్ళకి కూడా విశ్రాంతి. పక్క వీధిలో సైకిలు రిమ్ములు కొట్టేవాడు వచ్చి చూసి వెళ్ళాడు. తనకీ కావాలంటున్నాడు. కాగితం, ప్రశ్నలు, ఫోటోలు ఉంటే వద్దంటాడు. వాడి అనుమానం వాడిది. నువ్వే వచ్చి మాట్లాడు, మనుషుల్ని పంపకు. మోగుతున్న షెడ్డులో ఒక పూట నిలబడితే నీకే దారి దొరుకుతుంది.

ఫలితాలు దీంతోపాటే పంపుతున్నాను. అందరూ పేర్లు రాయమన్నారు, నాది పైన రాయమన్నాను. నీ కమిటీ ముందు పెట్టుకో. ఎవరికైనా పనికొచ్చిందా అని అడిగితే నా దగ్గరికి పంపు. ఫోను మాత్రం చెయ్యొద్దను.

ఇక కారులో నువ్వు అడిగినదానికి. మరదలు పిల్లా, రెండేళ్ళు ఆలస్యంగా నీ ఉత్తరంలోనే విన్నాను ఆ మాట. వినపడి ఉంటే కారు హాస్టలు వైపు తిప్పేవాణ్ణే కాదు. వెనక గదిలో మంచం వేయించాం. మీ అక్క దుప్పట్లు ఎండకి వేసింది. ఎన్నాళ్ళుంటావని అడగను. బయల్దేరి రా. వచ్చి, నా ఎదురుగా కూర్చుని, ఆ మాట మళ్ళీ ఒకసారి అడుగు.

నీ బావ